వంకాయ ముచ్చిక

మనిషికి రోజుకి మూడు చెంచాల నూనె,
అంతే, అని రాసిచ్చాడు కుర్ర డాక్టరు.
ఎరుకమ్మ ఆ కాగితాన్ని
కరెంటు బిల్లులతోపాటు మేకుకి గుచ్చి
నా వైపు తిరిగింది:
"ఇంక దిబ్బరొట్టి లేనట్టేనేటి?"

ముప్పై నాలుగేళ్ళు డీజిల్ షెడ్డులో పనిచేసిన చేతులివి.
నూనె సంగతి నాకొకరు చెప్పాలా?
ఎక్కడ తక్కువై ఇంజను మూలుగుతోందో
ఎక్కడ ఎక్కువై పొగ కక్కుతోందో
చెవి ఆనించి చెప్పేవాణ్ణి.
"నేను చేస్తానుండు" అన్నాను.
గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషి,
గట్టిగా నవ్వకూడదేమోనని
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆదివారం. కంచరపాలెంలో వాన.
మినప్పప్పు రుబ్బి
బియ్యపురవ్వ సగం, చోడిరవ్వ సగం కలిపాను.
మూకుడు మా అత్తగారిది, ఇనుముది,
ఎత్తితే రైలుపట్టా ముక్క ఎత్తినట్టుంటుంది.
కొలిచి రెండు చెంచాలు పోసి పిండి దించాను.
అట్లకాడ వంగింది గాని
రొట్టి మూకుణ్ణి వదల్లేదు.
ఉలీ సుత్తీ తెమ్మంటావా అనడిగాను.
ఆవిడ మూకుణ్ణి నీళ్ళలో నానబెట్టి
రాత్రికి ఉప్మా చేసింది.

రెండో ఆదివారం
జగదాంబ దగ్గర అంటుకోని పెనం కొన్నాను.
నిజంగానే అంటుకోలేదు.
పళ్ళెంలోకి జారిపడింది
చప్పుడు లేకుండా,
ఆసుపత్రి దిండులాగ.
ఒక ముక్క తిని, మిగతాది గోడ మీద పెట్టింది.
కాకులు కూడా కాసేపు ఆలోచించాయి.

మూడో ఆదివారం నేను పిండి కలుపుతుంటే
"అవతలికి జరుగు" అంది.
బుట్టలోంచి నల్ల వంకాయ తీసి తల కోసింది.
ముచ్చిక పట్టుకుని, కోసిన వైపు
నూనెలో ఒక్కసారి అద్ది
కాలిన మూకుడంతా గుండ్రంగా, తొందర లేకుండా,
పసిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దింది.
చుయ్‌మని పొగ లేచింది.

ఆ వాసనకి నాకు ఏడేళ్ళు.
జ్ఞానాపురం, పెంకుల కింద చీకటి వంటిల్లు,
ఇంటి వెనక గూడ్సు బళ్ళు.
పావలా ఇచ్చి సీసాతో పంపేది అమ్మ.
అడుగున వేలెడు నూనె, వారమంతా అదే.
రొట్టి రోజున ఈ ముచ్చికే,
కమిలి నల్లబడేదాకా ఇదే.
కరకరలాడే అంచు కోసం
అన్నదమ్ములం జుట్లు పట్టుకునేవాళ్ళం.

"నీకెలా తెలుసు?" అన్నాను.
"మీ అమ్మే చెప్పింది, మంచాన పడ్డాక.
చేతిలో డబ్బు లేనప్పుడు ఇలాగ చెయ్యే అంది.
లేని రోజు రాలేదు గదా, మర్చిపోనాను."

మరి మూకుడు నిండా నూనె
మా ఇంటికెప్పుడు వచ్చింది?
లెక్కేసుకున్నాను.
నాకు ఉద్యోగం ఖాయమైన నెల,
డబ్బా భుజాన మోసుకొచ్చి గుమ్మంలో దించాను.
ఆ రోజు అమ్మ రొట్టిని ఈత కొట్టించింది.
తలుపు తీసిపెట్టి మరీ వేయించింది.
పరదేశికి జీతమొచ్చిందని
ఆ సలసలే వీధంతటికీ చెప్పాలి మరి.
నలభై ఏళ్ళుగా ఆ చప్పుడునే
మేం రుచి అనుకున్నామో ఏమో.

మూత తీసి
గరిటె తిరగేసి రొట్టిని తట్టింది. టక్‌మంది.
షెడ్డులో నేను చక్రాల్ని ఇలాగే సుత్తితో తట్టేవాణ్ణి.
పగులు లేని ఇనుము అబద్ధమాడదు.

జీతం రోజు రొట్టికి ఇది సాటి అంటే మాత్రం
నేను అబద్ధమాడినట్టే.
లోపల కొంచెం పొడి, చోడి వాసన కొంచెం ఎక్కువ.
అంచు మాత్రం అదే అంచు.
ఇద్దరం ఒకేసారి అటే చెయ్యి పెట్టాం.

ఆవిడకి వదిలేశాను.
తీసుకుని, నమిలి, కళ్ళు మూసుకుని
బెల్లం ఆవకాయ జాడీ వైపు చెయ్యి చాపింది.
జాడీని నా వైపు లాక్కున్నాను.
అప్పటికే ఊటలో మునిగి వచ్చిన వేలు
ఆవిడ నోట్లో ఉంది.